యాస ఉండనివ్వండి, మాట తెలియనివ్వండి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లీషు ఉచ్చారణ గురించి పది నిమిషాలు మాట్లాడమని సంఘం వారు అడిగారు. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను కాబట్టి అడిగి ఉంటారు. కానీ నన్ను ఈ దారిలోకి తెచ్చింది ఒక నవ్వు.

1986లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేసి పట్నంలో ఇంటర్‌లో చేరాను. మొదటి వారంలోనే లెక్చరర్ గారు ఒక లెక్కకు జవాబు అడిగారు. లేచి 'జీరో' అన్నాను, జీలకర్రలో 'జీ' పలికినట్టే. ఆయన నన్ను అనుకరించి చూపించారు. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా నేను మళ్ళీ నోరు విప్పలేదు. అర్థంకాని పాఠాలు అర్థంకాకుండానే వెళ్ళిపోయాయి.

వేసవి సెలవుల్లో మన ఇంగ్లీషు మాస్టారికి ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తప్పు నీది కాదురా. నేనే నీకలా చెప్పాను. నాకూ ఎవరూ చెప్పలేదు. రా, ఇద్దరం నేర్చుకుందాం" అన్నారు. ఆ నెల రోజులూ రాత్రిపూట రేడియోలో ఇంగ్లీషు వార్తలు విని, ఒక్కో మాటా తిరిగి పలికేవాళ్ళం.

ఒకరోజు ఆయన, "జీలకర్ర అను. ఇప్పుడు జడ అను. రెండు 'జ'లూ ఒకటేనా?" అని అడిగారు. కావు! జడలో నాలుక పళ్ళ దగ్గరికి వస్తుంది. అక్కడే ఉంచి, నాలుక పైకి తగలకుండా తేనెటీగలా గాలిని సాగదీయమన్నారు. 'జీరో'కు కావలసిన శబ్దం అదే. గొంతు మీద వేళ్ళు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. దారి మన తెలుగులోనే దొరికింది.

చదవడం, రాయడం వచ్చి, మాట దగ్గర తడబడే వాళ్ళకు నేను చెప్పేవి మరి నాలుగే.

ఒకటి, 'వ'. బనీనునీ పడమరనీ మనం ఒకేలా 'వెస్ట్' అంటాం. బనీనుకు పైపళ్ళు కింది పెదవిని తాకాలి. పడమరకు పళ్ళు తగలకూడదు, పెదవులు గుండ్రంగా చుట్టాలి.

రెండు, మాట చివర. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి గనుక బస్ బస్సయింది, కార్ కారయింది. తెలుగులో అది తప్పు కాదు, అందం. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం ఆ 'ఉ'ను వదిలేయాలి.

మూడు, మాట మొదలు. 'ఎగ్'ను 'యెగ్' అనీ, 'ఓన్లీ'ని 'వోన్లీ' అనీ అంటున్నామేమో చూసుకోవాలి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: బరువు. మనం ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒకదాని మీద బరువు వేసి, పక్కవాటిని తేల్చేస్తారు. ఫోటోగ్రాఫ్‌లో బరువు మొదటి అక్షరం మీద, ఫోటోగ్రాఫర్‌లో రెండోదాని మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. బరువు తప్పితే, శబ్దాలన్నీ సరిగ్గా ఉన్నా ఎదుటివారికి మాట అందదు. నిఘంటువులో ఆ అక్షరానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. అర్థంతోపాటు ఆ గీత కూడా చూడండి.

రోజూ పది నిమిషాలు చాలు. రెండు వాక్యాలు వినండి, మీ గొంతుతో ఫోనులో రికార్డు చేసుకోండి, పక్కపక్కన పెట్టి వినండి. లండన్ వాళ్ళలా మాట్లాడాలని కాదు. మన యాస ఉండనివ్వండి. ఎదుటివారికి ఒక్కసారికే అర్థమైతే చాలు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లవాడు తప్పు పలికితే మధ్యలో ఆపకండి. పూర్తిగా చెప్పనిచ్చి, అదే మాటను మీ జవాబులో సరిగ్గా పలకండి. వాడు పట్టుకుంటాడు. విదేశాల్లో ఉన్న మన వాళ్ళు వారానికొక అరగంట ఫోనులో ఒక పిల్లవాడితో ఒక పేజీ చదివించండి. సంఘానికి అంతకన్నా పెద్ద విరాళం అక్కర్లేదు.

ఇంటర్ రెండో ఏడు నేను మళ్ళీ లేచి నిలబడ్డాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా కూర్చునేవాణ్ణి కాదు. తన శిష్యుడి ముందు 'నాకూ రాదు' అని ఒప్పుకున్న మాస్టారు నాకు అప్పటికే ఆ ధైర్యం నేర్పారు.