ఒక్క స్తంభం మీద బరువు

(మన పాఠశాల స్వర్ణోత్సవాల మొదటి రోజు సాయంత్రం సభలో చేసిన ప్రసంగం)



ఇంజనీరు మాట్లాడతాడనగానే సిమెంటు, కాంక్రీటు సంగతులు చెబుతాడేమోనని కొందరు మిత్రులు అప్పుడే వెనక వరసలకు జరిగారు. భయపడకండి. ఇవాళ నేను ఒక టెన్నిస్ కుర్రాడి గురించి చెప్పబోతున్నాను. సెర్బియా దేశపు నొవాక్ జకోవిచ్. ఆయన గెలిచిన 24 గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పేపర్లలో చదివారు, టీవీలో చూశారు. నేను చెప్పేది అంతకు ముందు సంగతి. ఆరేళ్ళ వయసు నుంచి ఇరవై ఏళ్ళ వయసు దాకా ఆ పిల్లవాడి బరువు ఎవరెవరు మోశారన్నదే నా విషయం. మన సంఘం ముందు ఇప్పుడున్న ఒక ప్రశ్నకు, నాకు తోచిన జవాబు అందులో ఉంది. ఆ ప్రశ్న ఏమిటో చివర్లో చెబుతాను.

జకోవిచ్ 1987 మే 22న బెల్‌గ్రేడ్‌లో పుట్టాడు. అప్పటికి ఆ దేశం పేరు యుగోస్లావియా. అతనికి నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ దేశం ముక్కలవడం మొదలైంది. యుద్ధాలు వచ్చాయి. 1992లో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించింది. ధరలు ఎంతగా పెరిగాయంటే, 1993లో అక్కడ 50,000 కోట్ల దినార్ల నోటు అచ్చు వేశారు. అంత పెద్ద అంకె ఉన్న నోటు జేబులో ఉన్నా సంచి నిండా సరుకులు వచ్చేవి కావు.

ఆ ఇంట్లో టెన్నిస్ ఆడినవాళ్ళు ఎవరూ లేరు. తండ్రి, బాబాయి, మేనత్త మంచు మీద స్కీయింగ్ చేసేవారు. అమ్మానాన్నలు కొపావొనిక్ అనే కొండ ఊళ్ళో చిన్న పిజ్జా హోటలు నడిపేవారు. ఆ హోటలుకు ఎదురుగా మూడు టెన్నిస్ కోర్టులు కట్టారు. ఈ కథలో అదృష్టం అని చెప్పదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే.

1993 వేసవిలో యెలెనా గెంచిచ్ అనే కోచ్ అక్కడ పిల్లలకు శిక్షణ శిబిరం పెట్టారు. ఆమె బెల్‌గ్రేడ్ టెలివిజన్‌లో ఉద్యోగం చేస్తూ పిల్లలకు టెన్నిస్ నేర్పేవారు. మోనికా సెలెస్, గొరాన్ ఇవానిసెవిచ్ చిన్నప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆ శిబిరంలో ఒక పిల్లవాడు పొద్దున్నుంచీ కంచె పట్టుకుని నిలబడి చూస్తూ ఉండటం ఆమె గమనించారు. ఆడతావా అని అడిగి, మధ్యాహ్నం రమ్మన్నారు.

మధ్యాహ్నం ఆ పిల్లవాడు భుజాన సంచితో వచ్చాడు. సంచిలో రాకెట్టు, తువ్వాలు, నీళ్ళ సీసా, అరటిపండు, మార్చుకోవడానికి చొక్కాలు, మణికట్టుకు వేసుకునే పట్టీ, అన్నీ సర్దిపెట్టి ఉన్నాయి. మీ అమ్మ సర్దిందా అని ఆమె అడిగితే, వాడికి కోపం వచ్చిందట. నేనే సర్దుకున్నానన్నాడట. ఎలా తెలుసంటే, టీవీలో ఆటగాళ్ళు తెచ్చుకోవడం చూశానన్నాడట. గెంచిచ్ తర్వాత ఎన్నోసార్లు ఈ సంగతి చెప్పుకున్నారు.

గురువులకు నా మనవి ఒకటి. ఆమె ఆ పిల్లవాడు కొట్టిన బంతిని చూడకముందే వాడి సంచిని చూశారు. మన స్కూల్లో కూడా ఇలాంటి సంచులు సర్దుకుని వచ్చే పిల్లలు ఉంటారు. కొందరి సంచిలో స్పైకు బూట్లు ఉంటాయి, కొందరి సంచిలో బొమ్మలు గీసిన నోటుబుక్కు ఉంటుంది. మార్కుల జాబితాలో ఆ సంచి కనిపించదు. కంచె దగ్గర నిలబడ్డవాణ్ణి పలకరించే మాస్టారు ఉంటేనే అది బయటపడుతుంది.

గెంచిచ్ ఆ పిల్లవాడికి దాదాపు ఆరేళ్ళు నేర్పారు. నేర్పింది టెన్నిస్ ఒక్కటే కాదు. శాస్త్రీయ సంగీతం వినిపించారు, పుష్కిన్ కవిత్వం పరిచయం చేశారు, పరాయి భాషలు నేర్చుకోమన్నారు. ప్రపంచమంతా తిరగాల్సినవాడు బంతి కొట్టడం ఒక్కటే తెలిస్తే సరిపోదని ఆమె నమ్మకం.

1999 మార్చి 24న నాటో విమానాలు సెర్బియా మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. 78 రోజులు వేశాయి. రాత్రిళ్ళు ఆ కుటుంబం తాతగారి అపార్టుమెంటు కింద ఉన్న నేలమాళిగలో తలదాచుకునేది. పగలు ప్రాక్టీసు మాత్రం ఆగలేదు. ముందురోజు ఎక్కడ బాంబు పడిందో ఆ చుట్టుపక్కల కోర్టు వెతుక్కుని వెళ్ళేవారు. ఒకసారి కొట్టినచోట మర్నాడే మళ్ళీ కొట్టరని లెక్క. మే 22న ఆ పిల్లవాడి పన్నెండో పుట్టినరోజు టెన్నిస్ క్లబ్బులో చేశారు. అందరూ పుట్టినరోజు పాట పాడుతుంటే పైన విమానాలు పోతున్నాయి.

ఆ తర్వాత గెంచిచ్ చేసిన పని నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఈ పిల్లవాడికి తాను ఇవ్వగలిగినది అయిపోయిందని, బెల్‌గ్రేడ్‌లో వీడికి సరిజోడు లేడని ఆమె గ్రహించారు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర అకాడమీ నడుపుతున్న నికీ పిలిచ్‌కు ఫోను చేశారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను చేర్చుకోవడం ఆయన అకాడమీలో రివాజు కాదు. అయినా ఆమె మాట మీద పన్నెండేళ్ళవాణ్ణి పంపమన్నారు. ఆయన క్రొయేషియా మనిషి. సెర్బులకు, క్రొయేషియన్లకు మధ్య యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్ళే. ఆ పగలేవీ ఆయన ఆ పిల్లవాడి మీద పెట్టుకోలేదు. పేరు పిలిచ్ కదా, పిలిచాడు మరి!

చేతిలో ఉన్న మంచి శిష్యుణ్ణి మరొకరి చేతిలో పెట్టడం ఏ గురువుకైనా కష్టం. ఇక్కడున్న మాస్టార్లకు అది నాకంటే బాగా తెలుసు. టెన్త్ అయ్యాక మమ్మల్ని పట్నం కాలేజీలకు పంపించి, తర్వాత ఎప్పుడైనా ఉత్తరం ముక్క వస్తుందేమోనని ఎదురుచూసినవాళ్ళు మీరు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇంతవరకు చెప్పిన కథ వినడానికి బాగుంటుంది. ఇక్కడినుంచి అంత బాగుండదు. మ్యూనిక్ అకాడమీకి డబ్బు కావాలి. ఊరూరా టోర్నమెంట్లకు డబ్బు కావాలి. కుటుంబం ఉన్నదంతా పెట్టింది. అది చాలక తండ్రి సర్జాన్ వడ్డీ వ్యాపారుల దగ్గర ఎక్కువ వడ్డీకి అప్పులు తెచ్చారు. ఒకరోజు ఆయన ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, పది జర్మన్ మార్కుల నోటు బల్ల మీద పెట్టి, మన దగ్గర మిగిలింది ఇదేనని చెప్పారట. జకోవిచ్ ఈ సంగతి చాలాసార్లు చెప్పుకున్నారు. ఇంట్లో ఇంకా ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళ వంతు కూడా అన్న మీదే పెట్టారు.

జకోవిచ్ 2003లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2005 జనవరిలో క్వాలిఫయింగ్ ఆడి, తొలిసారి ఆస్ట్రేలియన్ ఓపెన్ ప్రధాన పోటీలోకి వచ్చాడు. మొదటి రౌండులోనే మారత్ సాఫిన్ చేతిలో 6-0, 6-2, 6-1తో ఓడిపోయాడు. మొత్తం మ్యాచిలో గెలిచింది మూడు గేములు. అదే టోర్నమెంటులో మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా మూడో రౌండుకు వెళ్ళింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్ళిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ వారం మన ఇళ్ళలో సానియా పేరే వినిపించింది కానీ, ఆ సెర్బియా కుర్రాడి పేరు ఎవరికీ పట్టలేదు.

అతని ఒళ్ళు కూడా సహకరించేది కాదు. 2005 యూఎస్ ఓపెన్‌లో మోన్‌ఫిస్ మీద గెలిచిన మ్యాచిలో ఊపిరి ఆడక పదేపదే ఆట ఆపాల్సి వచ్చింది. 2006 ఫ్రెంచ్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో నాదల్ మీద ఆడుతూ గాయంతో మధ్యలో తప్పుకున్నాడు. వీడికి దమ్ము లేదన్నారు కొందరు, సాకులు చెబుతాడన్నారు మరికొందరు.

ఆ 2006లోనే, ఇంగ్లండుకు మారిపోయి బ్రిటన్ తరఫున ఆడటం గురించి ఆ కుటుంబానికి, అక్కడి టెన్నిస్ సంఘానికి మధ్య మాటలు జరిగాయి. కోర్టులు, కోచ్‌లు, డబ్బు అన్నీ అక్కడ ఉన్నాయి. పిల్లవాడికి పద్దెనిమిది పందొమ్మిదేళ్ళు. చివరికి వెళ్ళలేదు, సెర్బియా తరఫునే ఆడాడు. వెళ్ళి ఉంటే తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఈ సభలో సగంమంది అమెరికా నుంచి, గల్ఫు నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళే. ఊరు వదిలినవాళ్ళు ఊరిమీద ప్రేమ లేక వదల్లేదు. నేను చెప్పేదల్లా, ఇంటిదగ్గర చేయూత లేనప్పుడు పరాయి గుమ్మం వైపు చూడాల్సి వస్తుందని.

ఆ ఏడాది జులైలో నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్‌లో తొలి ఏటీపీ టైటిల్ గెలిచాడు. 2005 ఆఖరుకు 78వ ర్యాంకు, 2006 ఆఖరుకు 16, 2007 ఆఖరుకు 3. 2007 ఆగస్టులో మాంట్రియల్‌లో రాడిక్, నాదల్, ఫెదరర్ ముగ్గురినీ ఒకే టోర్నమెంటులో ఓడించాడు. వెంటనే యూఎస్ ఓపెన్ ఫైనల్లో మొదటి సెట్టులో అయిదు, రెండో సెట్టులో రెండు సెట్ పాయింట్లు చేజార్చుకుని ఫెదరర్ చేతిలో ఓడాడు. అయిదు నెలలు తిరక్కుండా, 2008 జనవరి 27న మెల్‌బోర్న్‌లో సోంగాను ఓడించి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. సాఫిన్ చేతిలో మూడు గేములే గెలిచిన ఆ టోర్నమెంటే, మూడేళ్ళకు.

ఇక్కడ ఇంజనీరుగా ఒక మాట చెప్పనివ్వండి. కట్టడం కూలకుండా నిలబడిందంటే లెక్క సరైనదని అర్థం కాదు. ఒక్కోసారి బరువంతా ఒక్క స్తంభం మీద పడ్డా నిలబడుతుంది. అది చూసి, అలాగే కట్టవచ్చు అనుకునేవాడు ఇంజనీరు కాడు. ఈ కథలో పిల్లవాణ్ణి కనిపెట్టే బరువు గెంచిచ్ మోశారు. వాణ్ణి పైమెట్టు ఎక్కించే బరువు పిలిచ్ మోశారు. డబ్బు బరువు మాత్రం మొత్తం ఒక్క ఇంటి మీద పడింది. నిలబడింది కాబట్టి ఇవాళ చెప్పుకుంటున్నాం. అలాగే అప్పు చేసి, కూలిపోయిన ఇళ్ళ కథలు మన దాకా రావు. అందుకే, తల్లిదండ్రులారా, ఇది విని పొలం తాకట్టు పెట్టకండి. నేను చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ బరువును ఒక్క ఇంటికి వదిలేయకూడదు. పదిమంది పంచుకోవాలి. పూర్వ విద్యార్థుల సంఘం అన్నది అందుకు కాకపోతే మరెందుకు?

ఇప్పుడు మన ప్రశ్న. స్వర్ణోత్సవ నిధితో మైదానంలో రోడ్డువైపు భాగంలో ఆడిటోరియం కట్టాలని ప్రతిపాదన ఉంది. ఎస్టిమేటు వేయమని కమిటీ నన్నే అడిగింది. వేసి ఇచ్చాను. లెక్కలో తేడా లేదు, ఉన్న డబ్బుతో కట్టొచ్చు. కానీ కొలతలు తీసినప్పుడు నేను గమనించింది ఏమిటంటే, ఆ కట్టడం కింద ఖోఖో కోర్టు మొత్తం పోతుంది, వంద మీటర్ల పరుగుకు తిన్నని దారి మిగలదు. ఏడాదికి నాలుగు సభలు జరిగే హాలు కోసం, రోజూ సాయంత్రం వందమంది పిల్లలు వాడుకునే నేల పోతుంది. కొపావొనిక్‌లో ఆ మూడు కోర్టులు లేకపోతే ఆ పిల్లవాడు నిలబడటానికి కంచె కూడా ఉండేది కాదు.

నా మాట మూడు ముక్కల్లో చెబుతాను. మైదానాన్ని ముట్టుకోవద్దు. నిధిని బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీతో జిల్లా, రాష్ట్ర పోటీలకు వెళ్ళే పిల్లల రైలు చార్జీలు, బూట్లు, తిండి ఖర్చు సంఘమే భరించాలి. ఆటలకే కాదు, సైన్సు ఫెయిరుకు వెళ్ళేవాళ్ళకు, సంగీతం పోటీలకు వెళ్ళేవాళ్ళకు కూడా. ఇక మూడోది, ఏ పిల్లవాణ్ణి పంపాలో మనం కాదు, రోజూ వాళ్ళను చూసే డ్రిల్లు మాస్టారు, క్లాసు టీచర్లు చెప్పాలి. డబ్బు మనది, చూపు వాళ్ళది.

మన పిల్లల్లో జకోవిచ్ ఉన్నాడని నేను మాట ఇవ్వను. బహుశా ఉండడు. జిల్లా పోటీల్లో రెండో రౌండులో ఓడిపోయి, మర్నాడు వచ్చి క్లాసులో కూర్చునేవాళ్ళే ఎక్కువమంది ఉంటారు. వాళ్ళకు కూడా ఆ ప్రయాణం కావాలి. ఇంట్లో అప్పు చేయకుండా, తలెత్తుకుని వెళ్ళి ఓడిపోయి వచ్చే హక్కు పిల్లలకు ఉండాలి.

రేపు ఉదయం పది గంటలకు సర్వసభ్య సమావేశం. ఆడిటోరియం ప్లాను, నేను వేసిన ఎస్టిమేటు రెండూ బల్ల మీద ఉంటాయి. వాటి పక్కనే, పోయినేడు పోటీలకు ఎంపికై కూడా వెళ్ళలేకపోయిన పిల్లలు ఎంతమందో డ్రిల్లు మాస్టారు రాసిచ్చిన కాగితం కూడా పెడతాను. మూడూ చూసి చెయ్యెత్తండి. నా ఎస్టిమేటు ఓడిపోతే అందరికంటే ఎక్కువ సంతోషించేవాణ్ణి నేనే.