విమానాల మాటలు మనం వినవచ్చునా?

కరువుభత్యం బకాయిల గురించి మాట్లాడే వక్తలు నా తరువాత ఉన్నారు గనుక, నేను కాసేపు ఆకాశం సంగతి మాట్లాడతాను.

పిల్లలు అమెరికాలో ఉన్నవారందరికీ ఇది అనుభవమే. అమ్మాయి విమానమెక్కిందంటే చాలు, ఫోనులో పటం తెరిచి, ఆ పసుపుపచ్చ విమానం బొమ్మ ఎక్కడిదాకా వచ్చిందో తెల్లవార్లూ చూస్తూ కూర్చుంటాము. ఇంకొంచెం నేర్పున్న మనుమడైతే అక్కడి విమానాశ్రయంలో కంట్రోలరూ పైలట్లూ మాట్లాడుకునే మాటలు కూడా వినిపిస్తాడు. అక్కడ అది నేరం కాదు. 1986లో వారు చేసిన చట్టంలోనే విమానాల, ఓడల రేడియో సంభాషణలు వినడానికి మినహాయింపు ఉన్నది. అదే బ్రిటన్‌లో అయితే, స్కానరు అనే రిసీవరును అంగట్లో కొనుక్కోవచ్చును గానీ, దానితో విమానాల మాటలు వినరాదు. మనకు ఉద్దేశించని సందేశాన్ని వినడం 2006 నాటి వారి వైర్‌లెస్ చట్టం ప్రకారం నేరం. అమ్మడం తప్పుకాదట, వినడం తప్పట!

మరి మన సంగతి? రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని ఏటేటా పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టినవాళ్లం ఈ సభలో చాలామందిమి ఉన్నాము. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. 1980ల మధ్యలో ఆకాశవాణి వినే సెట్లకు ఆ బాధ తప్పింది గానీ, మిగతా వాటికి తప్పలేదు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసి, దానిని విడతలవారీగా అమలులో పెడుతూ వచ్చారు. 2024 జూన్ 26న అమలులోకి వచ్చిన 42వ సెక్షను ప్రకారం, సందేశాలను చట్టవిరుద్ధంగా చాటుగా వింటే మూడేళ్ల వరకూ జైలు, రెండు కోట్ల రూపాయల వరకూ జరిమానా. బాహాటంగా గాలిలోకి వదిలిన మాట వినడం దీని కిందికి వస్తుందా రాదా అని ప్లీడర్లు వాదించుకోవచ్చు. పదిహేను వందల రూపాయల రిసీవరు పెట్టుకున్న కుర్రవాడు ఆ వాదన కోసం కోర్టు మెట్లెక్కగలడా?

అసలు ఇవి రహస్యమైన మాటలేనా అన్నది నా ప్రశ్న. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, పాతకాలపు ఏ.ఎం. పద్ధతిలో, ఏ తాళమూ వేయకుండా పంపే మాటలివి. తాళం వేయకపోవడం బద్ధకం వల్ల కాదు. ఏ దేశపు విమానమైనా వినగలగాలి, ఒక పైలటుకు చెప్పినది పక్క పైలటు చెవిన కూడా పడాలి. ఎఫ్.ఎం. వాడితే ఇద్దరు ఒకేసారి మాట్లాడినప్పుడు బలమైన స్వరం బలహీనమైన దానిని మింగేస్తుంది. ఏ.ఎం.లో కీచుమని మోత వస్తుంది, ఎవరో అడ్డుపడ్డారని కనీసం తెలుస్తుంది. తెలిసినా ఒక్కోసారి ఫలితముండదు. 1977 మార్చి 27న టెనెరిఫె రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది పోయినప్పుడు, అసలు వినవలసిన మాటలు ఆ కీచు మోతలోనే మునిగిపోయాయి.

ఇంకో వింత చెబుతాను. విమానాశ్రయం దగ్గర కాపురముండేవారి చవక ఎఫ్.ఎం. రేడియోలో పాట మధ్యన పైలటు గొంతు వినిపిస్తూ ఉంటుంది. సెట్టు లోపలి నిర్మాణం వల్ల, ముళ్లు పెట్టిన చోటుకు సరిగ్గా 21.4 మెగాహెర్ట్జ్ పైనున్న స్టేషను కూడా లోపలికి చొరబడుతుంది. 96.7 దగ్గర పెడితే 118.1 వినిపించవచ్చునన్నమాట. వంటింట్లో పాటలు వింటున్న ఇల్లాలిని మనం నేరస్థురాలనాలా?

దుర్మార్గులు వింటారు గదా అనేవారున్నారు. ఆ మాట కొట్టిపారవేయదగినది కాదు. కాని విమానాన్ని కూల్చదలచినవాడు లైసెన్సు లేదని ఆగుతాడా? ప్రమాదం వినడంలో కన్నా పలకడంలో ఉన్నది. 2016లో ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ వద్ద ఎవరో దొంగ సందేశాలు పంపితే దిగబోతున్న విమానం మళ్లీ పైకి లేచిపోవలసి వచ్చింది. అటువంటివారిని ఎంత కఠినంగా శిక్షించినా నాకు అభ్యంతరం లేదు.

నన్ను నిజంగా ఆలోచింపజేసేది వేరే అభ్యంతరం. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ ఆకాశంలో సౌదీ, కజకిస్థాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానానికి 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు, సౌదీ విమానానికి 14,000 దగ్గర. ఎదురుగా సౌదీ విమానం వస్తున్నదని, ఎన్ని మైళ్ల దూరంలో ఉన్నదో కూడా ఢిల్లీ కంట్రోలరు చెప్పాడు. ఆ తరువాత కజక్ విమానం తన ఎత్తు కన్నా కిందికి దిగింది. ఇదంతా టేపులో ఉన్నది. జస్టిస్ లాహోటీ విచారణలో ఆ కంట్రోలరుకు అండగా నిలిచినది ఆ టేపే. అయితే అందులోంచి ఒక్క వాక్యం కత్తిరించి ఆ రాత్రే ఊరంతా వినిపించి ఉంటే ఆయన గతి ఏమయ్యేది? ఇటువంటి రికార్డింగులను విచారణకే పరిమితం చేయాలనే అంతర్జాతీయ నియమం ఊరికే పుట్టలేదు.

2025 జూన్ 12న అహమ్మదాబాదు ప్రమాదం తరువాత పైలటు చివరి మాటలంటూ ఎన్ని వాక్యాలు మన ఫోన్లలో తిరిగాయో మీకు తెలుసు. జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదికలో, రేడియోలో వచ్చినట్టు చెప్పినది ‘మేడే’ అన్న పిలుపు ఒక్కటే. కంట్రోలరు కాల్‌సైను అడిగితే జవాబు లేదు. నిజంగా విన్నవారు నోరు విప్పడానికి చట్టం అడ్డమైనచోట, విననివారు కథలల్లుతారు. అలాగని అసలు గొంతునే టీవీలు రోజంతా వాయిస్తే ఆ ఇంటివాళ్లు ఎలా భరిస్తారు? ఈ రెండూ నాకు బాధాకరమే.

అందుచేత నా అభిప్రాయం ఇది. వినడాన్ని నేరాల పట్టికలోంచి తీసివేయాలి. ప్రమాద సమయపు మాటలను రికార్డు చేసి ప్రచారం చేయడాన్ని మాత్రం నివేదిక వచ్చేవరకూ నిషేధించాలి. పూర్తి స్వేచ్ఛ ఇవ్వడానికి ప్రభుత్వం జంకితే దానికీ మార్గమున్నది. మన అమెచ్యూర్ రేడియో నియమాలు 1978లో వచ్చినప్పుడు, మాట్లాడే హక్కు లేకుండా కేవలం వినడానికే ఒక లైసెన్సు ఉండేది. అటువంటిది విమానాల బాండుకు కూడా స్వల్ప రుసుముతో ఇవ్వవచ్చును. పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టడం మనకు కొత్త కాదు.

ఈ మేరకు మన సంఘం తరఫున టెలికమ్యూనికేషన్ల శాఖకు ఒక వినతిపత్రం పంపుదామని ప్రతిపాదిస్తున్నాను. ముసాయిదా రాసి తెచ్చాను, కార్యదర్శి గారి బల్ల మీద ఉన్నది. సమ్మతించినవారు సంతకం చేయండి. సమ్మతి లేనివారు కారణం రాసి ఇవ్వండి, దానిని కూడా జతచేసి పంపుదాము. సెలవు.