ఫోను స్మృతి, ఫోను నిల్వ

ఫోను కొనబోవువారు 8 జీబీ, 128 జీబీ అను రెండు సంఖ్యలను ఒక్కటిగా భావించుట కలదు. కాని మొదటిది ర్యామ్, అనగా నడచుచున్న యాప్‌లకు ఆధారమై, ఫోను ఆపినంతనే సమస్తమును విడిచిపెట్టు తాత్కాలిక స్మృతి. రెండవది ఛాయాచిత్రములను, వీడియోలను చెక్కుచెదరక నిలుపుకొను స్థిరమైన నిల్వ. ఇందు కొంత ఆపరేటింగ్ సిస్టమే ఆక్రమించుకొనును. నిల్వలో కొంత భాగమును ర్యామ్‌వలె వాడు ‘వర్చువల్ ర్యామ్’ వేగమున నిజమైన ర్యామ్‌తో సరితూగదు గనుక, ప్రకటనలలో ఈ రెంటిని కూడి చూపునప్పుడు విడదీసి అడుగవలయును. మాటలు, వాట్సాప్, చెల్లింపులతో సరిపెట్టుకొనువారికి 6 జీబీ ర్యామ్, 128 జీబీ నిల్వ చాలునని నా అభిప్రాయము; మనుమల వీడియోలు తీసి దాచుకొనువారు, ఫోనులో మెమరీ కార్డుకు చోటు లేనిచో, 256 జీబీ కోరుటయే మేలు, ఏలయన కొన్న పిమ్మట లోపలి నిల్వను పెంచుకొను వీలు సాధారణముగా ఉండదు.