నాడి పట్టని డాక్టరు

కొంతకాలము క్రిందట సిరిసిల్ల నుండి ఒక మరమగ్గాల కార్మికుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. ఆమె ఎం.బి.బి.ఎస్. ముగించినది. పై చదువునకు పాథాలజీని, అనగా వ్యాధి వలన శరీరములో కలుగు మార్పులను పరిశీలించు శాస్త్రమును, ఎంచుకొనదలచినది. తండ్రికి అది రుచింపలేదు. "నాడి వట్టని డాక్టరు గూడ డాక్టరేనా సారూ? మా వాడకట్టుల ఏమని చెప్పుకోవాలె?" అని అడిగెను. పరిహాసమునకు అడిగిన ప్రశ్న కాదు. ఆనాడు ఆయనకు చెప్పిన దానినే కొంత విస్తరించి ఈ సాయంకాలము శ్రోతలకు మనవి చేయుచున్నాము.

శస్త్రవైద్యుడు రోగి దేహము నుండి చిన్న ముక్కను కోసి తీసి ఫార్మలిన్ ద్రావణములో ఉంచి పంపును. దానిలోని నీటిని ఆల్కహాలుతో తొలగించి, కరిగిన మైనములో పొదిగి, తలవెండ్రుక మందములో పదవ వంతునకైన మించని పొరలుగా కోయుదురు. ఆ పొరకు రంగు ఉండదు. రంగు వేసిననే గాని కంటికి ఏమియు తెలియదు. ఇచట ఆ తండ్రి కొంచెము ముందుకు జరిగి కూర్చుండెను. మేము వాడు హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవ నుండి తీసిన రంగు. పూర్వము ఐరోపాలో బట్టలకు అద్దినదే. అది కణముల కేంద్రకములను నీలముగా చేయును. ఇయోసిన్ తక్కిన భాగమును గులాబి వన్నెకు తెచ్చును. 1878లో జర్మనీలో పాల్ ఎర్లిఖ్ తన వైద్య పట్టమునకు వ్రాసిన వ్యాసము కూడ, అద్దకములో వాడు అనిలీన్ రంగులతో కణజాలమును పరీక్షించుటను గూర్చినదే. అంతకు ముందే ఫ్రాన్సులో బిషా అను వైద్యుడు దేహములోని పొరలకు వాడిన 'టిస్యు' అను మాటకు వారి భాషలో నేసిన బట్ట అని అర్థము. ఈ సంగతి చెప్పగా, "పోగు తెగిన జాగ మాకు దూరంకెల్లే కండ్లవడ్తది" అని ఆయన అనెను. మా విద్య అంతయు అదియే. కొనువారికి రంగు మాత్రమే కనబడు చోట నేతగానికి తెగిన పోగు కనబడును.

ఆ చూపు వచ్చుటకు పట్టు కాలము తక్కువ కాదు. ఇంటర్మీడియేటులో జీవశాస్త్రము చదివి, నీట్ పరీక్షలో నెగ్గి, నాలుగున్నర సంవత్సరముల ఎం.బి.బి.ఎస్., ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్ ముగింపవలెను. పాథాలజీ పాఠ్యముగా వచ్చునది రెండవ దశలో. తరువాత మరియొక ప్రవేశ పరీక్ష, మూడు సంవత్సరముల ఎం.డి. ఈ మూడేండ్లలో విద్యార్థి రక్తపు చుక్కను గాజుపలకపై పరచి చదువుట, గడ్డలో సూది గ్రుచ్చి కణములను తీయుట, శవపరీక్ష, సిద్ధాంత వ్యాసము వ్రాయుట నేర్చును. అన్నిటికన్న గుండె దడపుట్టించునది వేరొకటి. రోగి బల్లపై మత్తులో ఉండగనే కోసిన ముక్కను గడ్డకట్టించి, ఇరువది నిమిషములకు అటునిటుగా జబాబు చెప్పవలెను. ఆ ఒక్క మాటపై శస్త్రవైద్యుని చేతిలోని కత్తి నిలిచియుండును.

తొందరపాటు ఎట్టిదో మేము విద్యార్థి దశలోనే తెలిసికొంటిమి. ఒక పుండు అంచున కణములు చెదరియుండుట చూచి క్యాన్సరని వ్రాసితిమి. మా గురువుగారు కోపింపలేదు. అదే మైనపు దిమ్మ నుండి మరి రెండు పొరలు కోయించి మా ముందుంచిరి. అది మానుచున్న పుండు. మానుచున్న మాంసము ఒక్కొక్కప్పుడు చెడుచున్న దానివలెనే కనబడును. "ఈ ముక్క చాలదు, మరల పంపుడు" అని వ్రాయు ధైర్యము మాకు ఆ దినముననే వచ్చినది.

గాజుపలక అన్నియు చెప్పదు. రోగి ఏ ఊరివాడు, ఏ పని చేయును అను రెండు పంక్తులు కాగితముపై వ్రాసి పంపనిచో మేము సగము గ్రుడ్డివారము. కోస్తా ఆంధ్రలో చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగువారికి అంగిలిలో వచ్చు క్యాన్సరును గూర్చి రెడ్డి, రావు అను వైద్యులు 1957లో వ్యాసము ప్రకటించిరి. అంగిలిపై పుండు అరుదని పుస్తకములు చదివి ఊరకుండిన వారికి ఆ సంగతి తట్టెడిది కాదు; ఊరి అలవాటు ఎరిగిన వారికి తట్టినది. సిరిసిల్ల, కోరుట్ల ప్రాంతములలో ఇంటింట ఆడువారు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టుదురు. మగవారు మరమగ్గాల దుమ్ములో దినమంతయు నిలుతురు. వారి ముక్కలను పరీక్షించు వైద్యునికి చాట ముందు కూర్చుండిన తల్లి జ్ఞాపకము వచ్చిన మేలు కాదా?

ఇదివరలో ఈ ప్రాంతపు పిల్లలు వైద్యవిద్యకు హైదరాబాదునకో, 1959లో స్థాపింపబడిన వరంగల్లు కాకతీయ కళాశాలకో పోయెడివారు. ప్రభుత్వ వైద్య కళాశాల జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను తెరువబడినవి. సిరిసిల్లలో తొలి తరగతికి నూరు సీట్లు. అందు ఎందరు సూక్ష్మదర్శిని వైపు వత్తురో! నాడి పట్టు కొలువునకు ఉన్న గిరాకి దీనికి లేదు. రోగి మా పేరు అడుగడు, దీవింపడు కూడ.

ఇది యంతయు విని ఆ తండ్రి, "మూడేండ్లు ఖర్చెట్ల?" అని అడిగెను. ప్రభుత్వ కళాశాలలో ఎం.డి. చదువు వారికి నెలనెల స్టైపెండు వచ్చునని చెప్పితిమి. ఆ మాట ముందే చెప్పియుండిన, బిషాను అంత దూరము నుండి పిలువవలసిన పని లేకపోయెడిదేమో! పోవునప్పుడు ఆయన సూక్ష్మదర్శినిలో ఒక కన్ను పెట్టి చాలసేపు చూచెను. కూతురు ప్రక్కన నిలిచి, గాజుపలకను మెల్లగా జరుపుచు, పోగు తెగిన చోటు చూపుచుండెను.