మలక్‌పేట బాలిక, రిచ్‌మండ్ శివారు స్థానం
(శివారు నియోజకవర్గాలలో ముస్లింల స్థానం అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



శివారు నియోజకవర్గాలను గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. మన శివార్ల మాటకు ముందు సముద్రాల అవతలి ఒక శివారును మీ ముందుంచదలచాము. ఆ శివారుకు మన మలక్‌పేటతో చుట్టరికం ఉంది.

గజాలా హాష్మీ 1964లో హైదరాబాదులో జన్మించారు. పసితనం మలక్‌పేటలో తల్లిగారి పుట్టింట గడిచింది. నాలుగేళ్ల వయసులో తల్లితో కలిసి అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి, అధ్యాపకులైన తండ్రి వద్దకు చేరారు. పెరిగి పెద్దయి ఆంగ్ల సాహిత్యంలో డాక్టరేటు పొంది, వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ ప్రాంతపు కళాశాలల్లో దాదాపు ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పారు. 2019 వరకు ఆమె ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. 2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాల ప్రజల రాకపై నిషేధం విధిస్తూ ఆనాటి అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేసినప్పుడు, ఈ దేశంలో మాకు చోటుందా అనే ప్రశ్న ఆమె ఇంటి తలుపు కూడా తట్టింది. ఆ ప్రశ్నకు ఆమె వెతుక్కున్న జవాబే ఎన్నికల బరి.

వర్జీనియా రాష్ట్ర సెనేట్‌లో 40 స్థానాలున్నాయి. ఒక్కొక్కటీ సుమారు రెండు లక్షల జనాభాకు ప్రాతినిధ్యం వహిస్తుంది. అందులో పదవ స్థానంలో రిచ్‌మండ్ నగరంలో కొంత భాగం, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో కొంత భాగం, పౌహటన్ కౌంటీ మొత్తం ఉండేవి. అంటే ఒక అంచున నగరం, నడుమ కాలనీలు, ఆవలి అంచున పొలాలు. ముస్లింలు అక్కడ అతి స్వల్పం. 2015లో ఈ స్థానాన్ని రిపబ్లికన్ అభ్యర్థి గ్లెన్ స్టర్టెవాంట్ రెండు వేల ఓట్ల లోపు ఆధిక్యంతో గెలిచారు. ఆ ఒక్క గెలుపుతోనే సెనేట్ 21-19తో ఆయన పార్టీ చేతిలో నిలిచింది.

2019 జూన్‌లో డెమోక్రటిక్ పార్టీ టికెట్టు కోసం ముగ్గురు పోటీపడగా ఓటర్లు హాష్మీని ఎన్నుకున్నారు. ఇక్కడొక మాట. అక్కడ టికెట్టును ఢిల్లీలోనో, పార్టీ కార్యాలయపు మూసిన గదిలోనో నిర్ణయించరు. ప్రాథమిక ఎన్నికలో సామాన్య ఓటరే నిర్ణయిస్తాడు. వర్జీనియాలో ఓటరు తాను ఫలానా పార్టీవాడినని ముందుగా నమోదు చేసుకోనక్కరలేదు. బి-ఫారం కోసం అర్ధరాత్రి దాకా గుమ్మాల దగ్గర పడిగాపులు పడే మన నాయకులకు ఇది కలలాంటి విషయం.

ప్రచారంలో ఆమె పేరు మార్చుకోలేదు, కుదించుకోలేదు, మతాన్ని దాచుకోలేదు. అయితే మతం పేరిట ఓటూ అడగలేదు. ఆ ఏడాది మే 31న వర్జీనియా బీచ్‌లో ఒక దుండగుడు 12 మందిని కాల్చి చంపాడు. తుపాకుల నియంత్రణ కోసం జులైలో పిలిచిన ప్రత్యేక సమావేశాన్ని రిపబ్లికన్లు గంటన్నరలో ముగించి ఇళ్లకు వెళ్లారు. బడికి వెళ్లిన బిడ్డ క్షేమంగా తిరిగిరావాలన్నది ప్రతి తల్లి కోరిక. ఆ కోరికకు మతం లేదు. తుపాకులు, బడులు, వైద్యం, ఈ మూడింటి మీదనే ఆమె మాట్లాడారు. నవంబరులో సుమారు 54 శాతం ఓట్లతో గెలిచి వర్జీనియా సెనేట్‌లో తొలి ముస్లిం సభ్యురాలయ్యారు. సెనేట్ 21-19తో చేతులు మారింది. మరుసటి ఏడాది తుపాకుల కొనుగోలుకు ముందు పూర్వాపరాల విచారణను విస్తరించే చట్టం వచ్చింది.

మన పత్రికలు హైదరాబాదీ విజయమని మురిశాయి. మేమూ మురిశాము, తప్పేముంది? కాని ఆ మురిపెంలో అసలు లెక్క మరుగున పడింది. ఆ శివారు అప్పటికే మారుతోంది. అరశతాబ్దికి పైగా గవర్నర్ ఎన్నికల్లో డెమోక్రాట్లకు దక్కని చెస్టర్‌ఫీల్డ్ 2017లోనే వారివైపు తిరిగింది. 2021లో మళ్లీ రిపబ్లికన్ల వైపు మొగ్గింది. శివారు ఎవరి సొత్తూ కాదు.

సరిహద్దులూ శాశ్వతం కావు. 2020 జనగణన తరువాత హద్దులు గీయవలసిన సంఘం ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. రాష్ట్ర సుప్రీంకోర్టు ఇద్దరు నిపుణులచే గీయించి 2021 డిసెంబరులో ఖరారు చేసింది. పాత పదవ స్థానం ముక్కలైంది. 2023లో హాష్మీ పదిహేనవ స్థానం నుంచి, ఆమె చేతిలో ఓడిన స్టర్టెవాంట్ పన్నెండవ స్థానం నుంచి గెలిచి ఒకే సభలో కూర్చున్నారు. 2025 నవంబరులో హాష్మీ లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. ఇప్పుడు ఆ సెనేట్‌కు అధ్యక్షత వహించేది ఆమే. స్టర్టెవాంట్‌కు మాట్లాడే అవకాశం ఇవ్వవలసిందీ ఆమే.

ఇక మన మలక్‌పేటకు వద్దాం. 2023లో తెలంగాణ శాసనసభలోని 119 స్థానాలకు ఏడుగురు ముస్లింలు గెలిచారు. ఏడుగురూ హైదరాబాదు నడిబొడ్డు వారే, ఒకే పార్టీ వారే. ఇతర పార్టీల తరఫున నిలిచిన ముస్లింలలో ఒక్కరూ గెలవలేదు. ఆ ఏడుగురిలో స్త్రీ లేదు. 1952లోనే మాసూమా బేగంను శాసనసభకు పంపిన నగరమిది!

మరి మన జనం నడిబొడ్డునే ఉన్నారా? అద్దెలు భరించలేక, ఇళ్లు ఇరుకై, మలక్‌పేట, యాకుత్‌పురాల నుంచి షాహీన్‌నగర్, జల్‌పల్లి, అత్తాపూర్‌లకు తరలిన కుటుంబాలెన్నో ఈ సభలోనే ఉన్నాయి. మనిషి మహేశ్వరంలో, రాజేంద్రనగర్‌లో ఉంటాడు. ఓటు మాత్రం పాత ఇంటి నంబరు మీదే ఉంటుంది. పోలింగు నాడు బస్సెక్కి పాత బస్తీకి పోయి ఓటేసి, తిరిగివచ్చి తన గల్లీలో మురుగు గురించి, నీళ్ల ట్యాంకరు గురించి తనకు ఓటే లేని ఎమ్మెల్యేకు మొర పెట్టుకుంటాడు. ఆ ఎమ్మెల్యే ఎందుకు వినాలి?

మన హద్దులు 2001 జనాభా లెక్కల మీద గీసినవి. భద్రాచలంలో లక్షన్నర లోపు ఓటర్లుండగా, శేరిలింగంపల్లిలో ఏడు లక్షలు దాటారు. 2027లో జనగణన జరగనుంది. దాని తరువాత హద్దులు మారినప్పుడు ఎక్కువగా చీలేది ఈ శివార్లే. నేడు మనం ఎక్కడ లెక్కకు వస్తామో రేపటి గీత అక్కడి నుంచే మొదలవుతుంది.

అమెరికాలో ప్రైమరీ ఉంది, ఇక్కడ లేదు కదా అని ఒక యువ సోదరుడు ఉదయం మాతో వాదించారు. నిజమే, టికెట్టు మన చేతిలో లేదు. ఓటరు జాబితా మాత్రం మన చేతిలో ఉంది. ఇల్లు మారినవారికి, పేరులో తప్పులున్నవారికి ఫారం 8. కొత్తగా పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6. పేరు ఉర్దూలో ఒక తీరుగా, తెలుగులో మరో తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉన్నవారు, వివాహమై వచ్చిన కోడళ్లు ముందుగా చూసుకోవాలి. జాబితా సవరణలో పేర్లు జారిపోయేది ఎక్కువగా వారివే.

రెండు రకాల ఫారాలూ వెనుక బల్ల మీద ఉన్నాయి. నింపడంలో సాయపడేందుకు మా సోదరీమణులు నలుగురు మగ్‌రిబ్ దాకా అక్కడే కూర్చుంటారు.