భూమికి పట్టా అడిగినట్టే పనికి కాగితం అడగాలె



మనకు 1/70 తెలుసు. పీసా తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం తెలుసు. పోడుకు పట్టా లేకపోతే ఏమైతదో మన ఇండ్లల్ల చిన్నపిల్లల్ని అడిగినా చెప్తరు. కానీ డిగ్రీ చదివి కూడా సెక్యూరిటీ డ్యూటీకో, గోదాముకో, బిల్డింగు పనికో పట్నం పోతున్న మనం ఆ పనికి సంబంధించిన చట్టం ఎప్పుడైనా చదివినమా? ఆ చట్టం ఇప్పుడు మారింది.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో ఇవి వచ్చాయి. వ్యాపారం సులువు కావాలన్నది వీటి ఉద్దేశాల్లో ఒకటని ప్రభుత్వమే చెప్పింది. ఎవరికి సులువైందో అంకెల్లో చూడండి.

ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీ కార్మికుల్ని తీసేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇప్పుడు 300 మంది ఉంటేనే కావాలి. సమ్మె చేయాలంటే ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 1970 నాటి కేంద్ర చట్టంలో 20 మంది కూలీలున్న కాంట్రాక్టర్ లైసెన్స్ తీసుకోవాలి. ఇప్పుడు 50 మంది ఉంటేనే. మన ఊర్ల నుంచి మేస్త్రి ఎంతమందిని తీసుకపోతడు? పదిహేను మందిని, ముప్పై మందిని. అంతకు మించి మనుషులు లేని మేస్త్రికి ఇక లైసెన్సే అక్కర్లేదు. మనకు తగిలే దెబ్బ ఇదే.

అయితే ఇవే కోడ్‌లు యజమాని మీద కొన్ని బాధ్యతలు కూడా పెట్టాయి. అవి ఆయన మనకు చెప్పడు. మనమే తెలుసుకోవాలె.

పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలి. పని నుంచి తీసేసినా, మనమే మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కట్టాలి. మేస్త్రి డబ్బులు ఎగ్గొడితే అసలు కంపెనీయే ఇవ్వాలి.

ఇంకొకటి బాగా గుర్తు పెట్టుకోండి. జీతం రాలేదని మనం ఫిర్యాదు చేస్తే, ఇచ్చినానని రుజువు చేయాల్సింది యజమానే. ఫిర్యాదుకు మూడేండ్ల గడువు ఉంది.

మరి చిక్కు ఎక్కడ? ‘ఈ పిలగాడు నా దగ్గర పనే చేయలే’ అని ఓనర్ అన్నడనుకోండి, అప్పుడేం చేస్తరు? అక్కడ పనిచేసినట్టు చూపించాల్సింది మనమే. పట్టా లేని పోడు రైతును ఫారెస్టోళ్లు ఎట్ల చూస్తరో, కాగితం లేని కార్మికుణ్ణి కంపెనీ అట్లనే చూస్తది.

అందుకే పనిలో చేరిన రోజే లెటర్ అడగండి. ఒక్కరే అడిగితే ‘రేపటి నుంచి రావద్దు’ అంటరు, పదిమంది కలిసి అడగండి. లెటర్ ఇయ్యకపోతే మీరే సాక్ష్యం దాచిపెట్టుకోండి. ఐడీ కార్డు ఫోటో, హాజరు పుస్తకం ఫోటో, డ్యూటీకి రమ్మన్న వాట్సాప్ మెసేజ్, ఫోన్‌పేలో పడ్డ పైసలు, మేస్త్రి పేరు, నంబరు, సైటు బోర్డు. ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు.

ప్రతి గూడెంలో యువజన సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలె. ఎవరు, ఏ మేస్త్రి వెంట, ఏ ఊరికి, ఎంత కూలికి పోతున్నరో బస్సెక్కకముందే రాయాలె. ఆడపిల్లలు పోతున్నప్పుడు ఇది తప్పనిసరి. రేపు అక్కడేదన్నా జరిగితే లేబర్ ఆఫీసులో చూపించడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉంటది.

ఈ కోడ్‌లల్ల మనకు నష్టం చేసేవాటి మీద కార్మిక సంఘాలతో కలిసి కొట్లాడుదాం. మనకు రాసిచ్చినవాటిని మాత్రం ఈరోజు నుంచే అడుగుదాం.

జోహార్ కొమురం భీం! జై ఆదివాసీ!