అరాజకమున విత్తిన చేలు

(బోరబండ గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగపాఠము)



రాజు లేని సీమలో వానలు కురియవనియు, పిడికెడు విత్తనమైనను చల్లువారుండరనియు అయోధ్యాకాండమున దశరథుడు గతించిన మరునాడు బ్రాహ్మణులు వసిష్ఠునితో మొరపెట్టుకొందురు. నాటినుండి 'అరాజకము' అన్న మాట మనకు భయమునే కలిగించుచున్నది. యూరపులో ఆ పేరునే బిరుదముగా ధరించినవారు కలరు. పాలకుడు లేకున్నను పల్లె తన్ను తాను పాలించుకొనగలదని వారి వాదము.

1936 జూలైలో స్పెయిను సైన్యాధిపతులు రిపబ్లికుపై తిరుగబడిరి. బార్సిలోనాలో వారి నెదిరించి నిలిచినవారిలో సి.ఎన్.టి. అను అరాజకవాద కార్మికసంఘమువారు ముఖ్యులు. వారి దళములు నడచిన ఆరగాను సీమలో రైతులు పొలముల నేకము చేసి ఉమ్మడిగా దున్నిరి. కొన్ని యూళ్లలో డబ్బునకు మారుగా చీటీలు చెల్లినవి. అందరును ఇష్టపడియే చేరిరనలేము. తుపాకి ప్రక్కనుండగా ఇష్టమెంతో, వెరపెంతో! అయినను విత్తుట ఆగలేదు, కోత ఆగలేదు.

ముందు యుద్ధము గెలువవలెనా, ముందు ఊరు మార్చవలెనా? ఈ తగవు రిపబ్లికు పక్షమునే చీల్చినది. ప్రభుత్వమే వలదన్నవారు నలుగురు 1936 నవంబరులో మంత్రులైరి! 1937 మేలో బార్సిలోనా వీథులలో ఒకే పక్షమువారు ఒకరినొకరు కాల్చుకొనిరి. ఆగస్టులో ఆరగాను మండలిని రిపబ్లికు ప్రభుత్వమే రద్దుచేసినది. 1939లో ఫ్రాంకో గెలిచెను.

మన తెలంగాణ సంఘములు అరాజకవాదులవి కావు. ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టు పార్టీ వానిని నడపినవి. కాని 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట, దొరలు గడీలు విడిచి పారిపోయిన యూళ్లలో జరిగినదేమి? వెట్టి నిలిచినది. గ్రామ కమిటీలు తగవులు తీర్చినవి, భూములు పంచినవి. అట్టి గ్రామములు సుమారు 3,000 అని సుందరయ్యగారు వ్రాసియున్నారు. ఆరగానువలె ఉమ్మడి సేద్యము కాదు, ఎవరి చెలక వారిదే. సొంత నేలపై మన రైతు మమకార మట్టిది.

ఇచ్చట భూమికొరకే రైతు వడిసెల పట్టెను గనుక, ముందేది వెనుకేది అను తగవు మొదట లేదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము వచ్చి నిజాము లొంగిన పిమ్మట పుట్టినది. పోరు విరమింపవలెనని రావి నారాయణరెడ్డిగారు వాదించిరి. సాగింపవలెనని పలువురు నాయకులు పట్టుబట్టిరి. 1951 అక్టోబరులో విరమణ ప్రకటింపబడెను. సాగించుటయు, ఆపుటయు పార్టీ పై సంఘములలో నిర్ణయమైనవి గాని, భూమి పంచిన గ్రామ కమిటీలలో కాదు. స్పెయిను అరాజకవాదులు కోరినదానికిని, మనవారు చేసినదానికిని గల భేదము నాకు ఇచ్చటనే కనబడుచున్నది.

నాయకులు వ్రాసిన గ్రంథములు మనకు కలవు. కమిటీలో కూర్చుండి చెలకలు కొలిచిన రైతుల మాటలే తక్కువ. నల్లగొండ, వరంగల్లు సీమలనుండి బోరబండకు వచ్చి స్థిరపడిన కుటుంబములలో తాతల నోట వానిని విన్నవారుండినచో, వ్రాసి ఈ గ్రంథాలయమున కిండు. ఏ చెలక ఎవరికి వచ్చినది, ఎవరు కొలిచిరి, 1951 తరువాత అది ఎవరి చేత నున్నది, అంత చాలును.